మొదటి మూడు క్షణాలు

ఉయోలో వాన అడిగి రాదు, చెప్పి పోదు.
కరెంటూ అంతే.
ఇటామ్ మార్కెట్ చివర, నా కొట్టు ముందు
తడిసిన గొడుగు ముడుస్తూ అఫియాంగమ్మ అంది:
"పదికి తక్కువైతే చూపించకు.
పక్కింటి ఉడోది పది కేవీఏ.
అది మొదలైతే మా గోడ మీద గడియారం వణుకుతుంది."

సరే అని ఉంటే
ఆ నెల కొట్టు అద్దె తేలిగ్గా వెళ్ళిపోయేది.
కుర్రాడు ఇడెమ్ అప్పటికే టార్పాలిన్ లాగేశాడు.
పసుపురంగు పది కేవీఏ
పెళ్ళికొడుకులా నిలబడింది.
ఎందుకో నేను సుద్దముక్క తీశాను.

"ఏమేం నడవాలో చెప్పండి."
"అన్నీ."
"అన్నీ అనే మిషను నా దగ్గర లేదమ్మా."

అప్పుడు వేళ్ళు మడిచింది.
బల్బులు ఎనిమిది. ఫ్యాన్లు మూడు.
ఆదివారం ప్రసంగాలకి టీవీ.
బోరు మోటారు, ఒక హార్స్ పవరు.
ఫ్రిజ్జు, "చేపలకు కాదు, మందులకు."
ఇస్త్రీపెట్టె. పరికరాలు మరిగించే హీటరు.
"ఏం పరికరాలు?"
"బొడ్డుతాడు కోసేవి."

ముప్ఫై ఒక్క ఏళ్ళు సర్కారు ఆసుపత్రిలో చేసి
ఇప్పుడు ఇంటి ముందుగదిలో
రెండు మంచాలు వేసుకుందట.

ఇస్త్రీ, హీటరు పక్కన పెట్టి గచ్చు మీద కూడాను.
నడిచేటప్పుడు పదమూడు వందల నలభై వాట్లు.
"ఇంతేనా," అంది, చిన్నబుచ్చుకుని.
"ఇంతే. కానీ మోటారు నిద్రలేచేటప్పుడు
మూడింతలు లాగుతుంది. ఫ్రిజ్జు నాలుగింతలు.
రెండు మూడు క్షణాలే. తర్వాత తన తిండేదో తను తింటుంది.
మిషను కొనాల్సింది నడకని చూసి కాదు,
ఆ లేవడాన్ని చూసి."

ఇంకా చెప్పబోయాను.
గొడుగు చుక్కలు రాలేలా నవ్వింది.
"నాకా చెబుతున్నావు?
ఊపిరి నడవడానికేముంది నాయనా,
మొదటిది అందుకోవడానికే ఒళ్ళంతా కావాలి."

ఇడెమ్ టార్పాలిన్ మళ్ళీ కప్పడం మొదలెట్టాడు.

"అయినా పదే కొంటే?"
"ఎనిమిది బల్బుల కోసం ఏనుగును కట్టేసినట్టు.
దాని మేత తగ్గదు, దానికి పని దొరకదు.
పనిలేని ఇంజను లోపల్లోపలే మసి పట్టిపోతుంది."
"రెండు కొంటే?"
"మోటారు లేచిన క్షణాన మీ బల్బులు గుడ్లు తేలేస్తాయి.
మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి కదా,
దీనికీ అదే ధర్మం."

మూడున్నర.
మరిగించేది గ్యాసు మీద. ఇస్త్రీ, కరెంటున్న రోజున.
ముందు మోటారు. అది కుదుటపడ్డాక ఫ్రిజ్జు.
రెండూ ఒకేసారి లేవకూడదు.
"కవలలు కూడా ఒకరి తర్వాత ఒకరే," అంది
నోట్లు లెక్కపెడుతూ.
పెరట్లో బొప్పాయి చెట్టు అవతల దింపి వచ్చాం,
పొగ కిటికీ వైపు తిరగకుండా.

పదకొండో రాత్రి ఫోను. రెండు దాటింది.
"లాగుతున్నాను, లాగుతున్నాను, అందుకోవట్లేదు."
"పెట్రోలు కుళాయి తిప్పారా?"
తిప్పలేదు.
ఫోను ఎక్కడో పడేసింది. నేను పెట్టేయలేదు.
మా ఇంట్లోనూ చీకటే.
జనరేటర్లు అమ్మేవాడికి కొనుక్కునే స్తోమత ఉండదు.
చెవికి ఆనించుకుని కూర్చున్నాను.

ఇంజను దగ్గింది. మళ్ళీ దగ్గింది. అందుకుంది.
కాసేపటికి గొంతు ఒక్కసారి కుంగింది, మోటారు.
ఒకటి, రెండు, మూ...
నిటారైంది.
ఇంకాస్సేపటికి కొంచెమే కుంగింది, ఫ్రిజ్జు.
దూరంగా ఒక ఆడగొంతు
ఎవర్నో బండబూతులు తిట్టింది. మొగుణ్ణే అయ్యుంటుంది.
అంతలో నా ఫోను చార్జి అయిపోయింది.

ఏమైందని నేను అడగలేదు.
శనివారం తనే కొట్టుకొచ్చింది.
"ఇరవై గంటలు నిండాయి. ఆయిలు మార్చాలన్నావు."
పుస్తకం తీశాను.
"ఎన్నిసార్లు స్టార్టయింది?"
వేళ్ళు మడిచింది.
"కరెంటు లేనప్పుడు నలుగురు.
ఉన్నప్పుడు ఇద్దరు."

నేనడిగిన లెక్క అది కాదు.
అయినా రాసుకున్నాను.